ఈశాన్యానికి వాలిన గచ్చు

యుద్ధం జరిగిన ఏడాది పీరయ్య ఒకచోట కుదురుగా కూర్చోగా నేను చూడలేదు. టీ తాగుతూ లేస్తాడు, అన్నం తింటూ లేస్తాడు. ఎదుటివాడు మాట్లాడుతుంటే మొహం చూడడు, వాడి కాళ్ల కింద నేల చూస్తాడు. కప్పు అడుగున మిగిలిన టీని గచ్చు మీద ఒలికించి, అది ఎటు పారుతుందో చూసుకుని గానీ కప్పు కింద పెట్టడు. రియాద్‌లో సులై గోదాముల మధ్య ఉండేది మా క్యాంపు గది. ఆ గదిలో ఆ మరకలు తుడిచి తుడిచి నాకు ఒళ్లు మండిపోయేది. "నీకేం రోగం వచ్చిందయ్యా" అని తిట్టేవాణ్ణి. "కాళ్లు ఒక్కకాడ నిలుస్తలెవ్వు తమ్మీ, ఏం జెయ్యమంటవ్" అనేవాడు. రోగం కాళ్లలో లేదని నాకు తెలిసేసరికి కొన్ని నెలలు గడిచాయి.

అతను కోరుట్ల అవతలి సుతారి. మా వైపు గోడలు కట్టే మేస్త్రీని సుతారి అంటారు. తండ్రీ సుతారే, తాతా సుతారే. నాది మెట్‌పల్లి. సులైలో ఒక గోదాము దగ్గర ఇటుకలు, సిమెంటు లారీలు దింపించే పని నాది. పీరయ్యతో పాటు అతని బామ్మర్ది లింబాద్రి కూడా మా గదిలోనే ఉండేవాడు. పీరయ్య భార్య ముత్యవ్వకు సొంత తమ్ముడు. ముప్పై దాటినవాడు, మాట తక్కువ. అతను మట్టానికి దారం కట్టాడంటే మళ్లీ చూసుకోనక్కర్లేదని సైటు మీద అందరూ అనేవాళ్లు. ఇద్దరికీ కఫీల్ ఒక్కడే, అబూ సాలెహ్. ఆయన పిలిస్తేనే ఈ దేశంలోకి రావడం, ఆయన సంతకం పెడితేనే పోవడం. మంచివాడే, కాకపోతే ఒకసారి నోటి నుంచి మాట వస్తే వెనక్కి తీసుకునే రకం కాదు.

తొంభై ఒకటి జనవరిలో యుద్ధం మొదలైంది. రియాద్ మీదికి ఇరాక్ క్షిపణులు వస్తున్నాయి. సైరన్ కూసినప్పుడల్లా విషవాయువు భయానికి కిటికీలకు ప్లాస్టిక్ కాగితం అంటించిన గదుల్లో దూరి కూర్చునేవాళ్లం. మాలో మాస్కులున్నవాళ్లు తక్కువ, తడి తువ్వాలు మూతికి కట్టుకున్నవాళ్లే ఎక్కువ. అబూ సాలెహ్ భార్యాపిల్లల్ని తీసుకుని తాయిఫ్ వెళ్లిపోయాడు. కొండ మీది ఊరు, అంత దూరం క్షిపణి రాదని ఆయన లెక్క. కారు నడిపింది దస్తగిరి. రాయచోటి దగ్గరి మనిషి, పదేళ్లుగా ఆ ఇంటి డ్రైవరు, అరబ్బీ గడగడా మాట్లాడతాడు. వెళ్తూ వెళ్తూ కఫీల్ తన కొత్త ఇంటి కాపలా బావా బామ్మర్దులకు అప్పజెప్పాడు. ఇల్లంతా పూర్తయింది, కారు పెట్టుకునే షెడ్డుకు గచ్చు ఒక్కటే మిగిలింది. నీళ్లు గేటు వైపుకు పోవాలని వేలితో గీసి మరీ చూపించాడు.

ఆ గేటు నైరుతి మూల ఉంది. షెడ్డుకు వెనక, ఈశాన్యం మూల, దస్తగిరి ఉండే గది.

ఇక్కడ మా సంగతి ఒకటి చెప్పాలి. మా వైపు ఏ ఇల్లు కట్టినా నీళ్లు ఈశాన్యానికి పోవాలి. నైరుతికి నీళ్లు పోయే ఇంట్లో మనుషులు నిలవరని అంటారు. నేనైతే ఇవన్నీ నమ్మను. కానీ మా ఇంటి నీళ్లూ ఈశాన్యానికే పోతాయి, అది వేరే మాట. పీరయ్య మాత్రం నమ్మడమేమిటి, ఇరవై ఏళ్లుగా అదే అతని చేతి పని. సౌదీ వచ్చాక కఫీల్ చెప్పిన వైపుకు వాలు ఇస్తూ వచ్చాడు గానీ, ఇచ్చిన ప్రతిసారీ లోపల దండం పెట్టుకునేవాడట. అవి వేరేవాళ్లు ఉండే ఇళ్లు. ఈ ఇంట్లో ఇప్పుడు ఉంటున్నది తామిద్దరే.

లింబాద్రి నీళ్ల గొట్టంతో మట్టం చూశాడు. రెండు గోడలకూ మేకులు కొట్టి దారం కట్టాడు. వెనక గోడ దగ్గర కన్నా గేటు దగ్గర నాలుగంగుళాలు దిగువ. కఫీల్ చెప్పినట్టే. మర్నాడు కాంక్రీటు పోయాలి. ఆ రాత్రి ఒక క్షిపణి ఎక్కడో దగ్గర్లోనే పడి, షెడ్డు షట్టర్ చాలాసేపు దడదడలాడింది. పొద్దున లేచి పీరయ్య ఆ దారం వైపు చూశాడు. తామిద్దరూ పడుకుంటున్న ఇంటి నీళ్లు నైరుతికి పోబోతున్నాయి. 

మధ్యాహ్నం లింబాద్రి రొట్టెల కోసం మూల మీది కొట్టుకు వెళ్లాడు. పీరయ్య ఒక్కడే ఉన్నాడు. మేకులు పీకాడు. గేటు దగ్గరివి పైకి కొట్టాడు, వెనక గోడవి కిందికి కొట్టాడు. పావుగంట పని. యుద్ధం అయిపోయాక పలగ్గొట్టి మళ్లీ వేసుకోవచ్చు, ముందు ప్రాణాలు నిలబడనీ అనుకున్నాడు. లింబాద్రి వచ్చాడు, ఇద్దరూ తిన్నారు, లింబాద్రి పార అందుకున్నాడు. ఒక్క మాట అనలేదు. చూడలేదని పీరయ్య ఊపిరి పీల్చుకున్నాడు. సాయంత్రానికి గచ్చు నున్నగా తయారైంది, వాలు ఈశాన్యానికి.

పది రోజులకు ముత్యవ్వ టెలిగ్రాం ఇప్పించింది. ఇద్దరిలో ఒక్కరైనా రండి అని. అది చదివి పీరయ్య క్షణం ఆలోచించలేదు. "నువ్వు వో. ఉన్నది ఒక్కడివే తమ్మునివి దానికి" అన్నాడు. లింబాద్రి పోనన్నాడు. పీరయ్య కొట్టినంత పని చేశాడు. కఫీల్ తాయిఫ్ నుంచే ఆఖరి ఖురూజ్ కాగితం పంపించాడు. ఆ కాగితం మీద వెళ్లినవాడు మళ్లీ రావాలంటే కొత్త వీసా కావాల్సిందే. రియాద్‌లో విమానాలు ఆగిపోయాయి కాబట్టి లింబాద్రి బస్సెక్కి జెద్దా పోయి, అక్కడి పాతబస్తీ బలద్‌లో ఒక చవక లాడ్జిలో వారం పడిగాపులు కాసి, విమానం ఎక్కాడు. బామ్మర్ది మీద పీరయ్యకు ప్రేమ లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. తర్వాత చేసిన పని చూసి కూడా ఒప్పుకోను.

యుద్ధం ముగిసింది. ఆ ఇంటి మీద గులకరాయి కూడా పడలేదు. కఫీల్ కుటుంబంతో తిరిగొచ్చాడు. మార్చిలో ఒక రోజు పొద్దున్నే వాన. రియాద్‌లో వాన వస్తే ఊరంతా చెరువే. వీధిలోకి పోవాల్సిన నీళ్లు షట్టర్ కింద నుంచి లోపలికి దారి చూసుకుని, షెడ్డంతా దాటి, నేరుగా దస్తగిరి గదిలోకి వెళ్లాయి. అతని పరుపు తడిసింది. మంచం కింది పెట్టెలో వాళ్లమ్మ మాబున్నీ మాట్లాడి పంపిన క్యాసెట్టు నీళ్లలో నానింది. దాన్ని కారు బానెట్ మీద ఆరబెట్టి, మళ్లీ పెట్టి విన్నాడు. "మాయమ్మ బాయిలోంచి మాట్లాడినట్టుండాదప్పా" అని అందరికీ చెప్పుకుని వాపోయాడు.

కఫీల్ కాళ్ల దాకా ఉండే తన తెల్ల తోబును మోకాళ్ల దాకా ఎత్తి పట్టుకుని ఆ నీళ్లలో నిలబడ్డాడు. ఎవరు పట్టారు ఈ మట్టం అని అరిచాడు. పీరయ్య నోట్లోంచి మాట జారింది.

"లింబాద్రి."

ఆ క్షణంలో దాన్ని అబద్ధమని కూడా అనుకోలేదట. వెళ్లిపోయాడు కదా, మళ్లీ వచ్చేది లేదు కదా, వాడికి పోయేదేముంది అనుకున్నాడు. నిజమే, పేరు తప్ప ఏమీ పోలేదు.

అప్పటి నుంచే అతనికి ఈ టీ ఒలికించే జబ్బు. గచ్చు పలగ్గొట్టి సరిచెయ్యమని కఫీల్ చెప్పాడు. పీరయ్య ఇవాళ రేపు అంటూ జరిపాడు. ఎండలు ముదిరాయి, ఇప్పుడు పోస్తే సిమెంటు నెర్రెలు పోతుంది, చలికాలం రానీ అన్నాడు. అందులో నిజం కొంతే. అసలు నిజం ఒక రోజు నా దగ్గర కక్కాడు. దారం మార్చిన సంగతీ, బామ్మర్ది పేరు చెప్పిన సంగతీ అప్పుడే విన్నాను.

"గీ గచ్చే మమ్ముల కాపాడిందేమో తమ్మీ. దీన్ని పలగ్గొడితే ఏమన్న అయితదేమో."

"ఎవరికి? యుద్ధం అయిపోయింది కదా" అన్నాను.

"గదే తెలుస్తలేదు" అని లేచి గది బయటికి పోయి, మళ్లీ లోపలికొచ్చాడు. నాకు కోపం వచ్చింది, జాలీ వేసింది. రెండింటితో ఏం చెయ్యాలో తెలియక సిగరెట్టు వెలిగించాను.

జూన్‌లో లింబాద్రి ఉత్తరం వచ్చింది. ఊళ్లో ఎవరూ పనికి పిలవడం లేదట. బాంబులకు భయపడి ఉరికొచ్చిన సుతారి అని నవ్వుతున్నారట. పీరయ్య పొమ్మంటే వచ్చిన మనిషి ఆ మాట పడుతున్నాడు. మళ్లీ వస్తాను, కఫీల్‌ని ఒక వీసా అడుగు బావా అని రాశాడు. పీరయ్య అరబ్బీ సైటు మాటలకే సరిపోతుంది, అందుకని దస్తగిరిని వెంటపెట్టుకుని వెళ్లి అడిగాడు. కఫీల్ ఒక్క మాటలో తేల్చేశాడు. మట్టం పట్టడం రానివాడు నాకెందుకు?

పీరయ్య ఊరికి ఏమని రాశాడు? కఫీల్ ఆలోచిస్తానన్నాడని రాశాడు. ఆగస్టులో ఇంకో ఉత్తరం. అందులో చివర ఒక వాక్యం ఉంది. పీరయ్య నాచేత నాలుగుసార్లు చదివించుకున్నాడు. "నా పనిల ఏమన్న తప్పు జరిగిందా బావా, జరిగితే రాయి." దానికి జవాబు రాయమని కాగితం కలం పెట్టుకుని కూర్చున్నాను. పీరయ్య గుమ్మం దాకా పోయాడు, వచ్చాడు, పోయాడు. చివరికి "అందరు మంచిగున్నరా అని రాయి" అన్నాడు. అలాగే రాశాను. రాసినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

"పోయి కఫీల్‌కు చెప్పరాదా" అన్నాను.

"జెప్తే నన్ను ఎల్లగొడ్తడు."

"చెప్పకపోతే లింబాద్రికి ఈ జన్మలో వీసా రాదు."

"నాకెర్క లేదా" అని మొదటిసారి నా మీద గొంతు పెంచాడు.

అక్టోబరులో ఎండ తగ్గింది. ఇక సాకు లేదు. సిమెంటు మా గోదాము నుంచే వెళ్లింది, కాబట్టి నేనూ వెళ్లాను. పైన ఇంకో పొర పోసి వాలు తిప్పుదామంటే దస్తగిరి గది గడప మునిగిపోతుంది. అందుకని గేటు వైపు సగం మొత్తం పలగ్గొట్టాలి, వెనక సగం మాత్రం ఉలితో గాట్లు పెట్టి, సిమెంటు పాలు పోసి, పైన పొర వేసి ఎత్తాలి. రెండూ కలిసే చోట పొర పల్చబడితే నెల తిరక్కుండా లేచిపోతుంది, అక్కడ లోతుగా గాడి తవ్వాలి. ఇదంతా పీరయ్యకు కళ్లు మూసుకుని చేసే పని. మొదటి సమ్మెట దెబ్బ వెయ్యడానికే అరగంట పట్టింది. సమ్మెట ఎత్తాడు, దించాడు, మంచినీళ్లు తాగి వచ్చాడు, ఎవరికో దండం పెట్టుకున్నాడు. దెబ్బ పడింది. ఏమీ కాలేదు. దస్తగిరి రేడియోలో పాట ఆగలేదు కూడా.

దారం కట్టడం ఇంకో తతంగం. రెండుసార్లు కట్టాడు, రెండుసార్లూ వెనక్కే వాలింది. ఈసారి కావాలని చేసింది కాదు. చేతులు వాటంతటవే అటు పోతున్నాయి. మూడోసారి నీళ్ల గొట్టం రెండో కొస నన్ను పట్టుకోమన్నాడు. "నువ్వు జెప్పు తమ్మీ, నేను జూడ" అని మొహం తిప్పుకుని మేకు కొట్టాడు. ఆ మట్టం సరిగ్గా వచ్చింది. రెండు రోజుల్లో పోత అయిపోయింది. వారం రోజులు తడి గోనెలు కప్పి నీళ్లు కొట్టాడు.

ఎనిమిదో రోజు సాయంత్రం అసర్ నమాజు అయ్యాక కఫీల్ దస్తగిరిని వెంటబెట్టుకుని వచ్చాడు, నేనూ అక్కడే ఉన్నాను. తానే బకెట్టు తీసుకుని వెనక గోడ దగ్గర నీళ్లు గుమ్మరించాడు. నీళ్లు ఎక్కడా నిలవకుండా పోయి గేటు బయట పడ్డాయి. కఫీల్ మొహం విచ్చుకుంది. పీరయ్య భుజం మీద చరిచి, నువ్వు అసలైన ముఅల్లిం, ఆ హిమార్ పాడుచేసింది నువ్వు బాగుచేశావు అన్నాడు. ముఅల్లిం అంటే పెద్ద మేస్త్రీ. హిమార్ అంటే గాడిద. సైటు మీద రోజూ పడే మాటే, పీరయ్యకు ఎవరూ విడమర్చనక్కర్లేదు. అతని మొహం నల్లబడింది.

"దస్తగిరన్నా, ఆయనకొక మాట జెప్పు" అన్నాడు. "ఆనాడు దారం లింబాద్రి సక్కగనే కట్టిండు. మార్చింది నేను."

దస్తగిరి నోరు తెరిచాడు. "ఏందీ? నా పరుపు నానింది నీ వల్లనా?"

"అవు."

"మాయమ్మ క్యాసెట్టు?"

"అవు."

దస్తగిరి అతన్ని కొడతాడనే అనుకున్నాను. కొట్టలేదు. గొంతు తగ్గించాడు. "సూడు పీరన్నా, ఇప్పుడు గాని సెప్పినామంటే నిన్ను ఇంటికి తోలేస్తాడు. గమ్మునుండు, నేనేదో ఒకటి సెప్పి ఆ పిల్లోనికి వీసా అడుగుతాలే."

"ఏడు నెల్లు సప్పుడు జెయ్యక ఉన్న. ఇగ నాతోని గాదు. ఉన్నదున్నట్టు జెప్పు."

ఇద్దరి మధ్యా ఏం నడుస్తోందో తెలియక కఫీల్ విసుక్కున్నాడు. దస్తగిరి చెప్పాడు. ఈశాన్యం సంగతి మాత్రం ఎత్తలేదు, అది వివరించబోతే ఎటు పోతుందోనని. భయపడి చేశాడు అని చెప్పాడు. అది అబద్ధం కాదు.

కఫీల్ బకెట్టు గోడ పక్కన పెట్టాడు. తర్వాత మెల్లగా మాట్లాడాడు. దస్తగిరి ఒక్కో ముక్కా తెలుగులో అందించాడు. "భయపడినందుకు నేనేమీ అనను. నేనూ భయపడే తాయిఫ్ పోయినా. ఇక్కడ లేనోని పేరు సెప్పినావు సూడు, దాన్ని నేను మరవలేను. ఆయబ్బికి వీసా తీస్తా. ఆయబ్బి వచ్చిన వారానికి నువ్వు ఆఖరి ఖురూజ్ మీద పోవాల. నాకు ఒక ముఅల్లిం సాలు."

పీరయ్య తలూపాడు. ఆ రోజు గదిలో అన్నం తింటూ లేవలేదు. హమ్మయ్య, కుదురు వచ్చిందనుకున్నాను. మర్నాడు మళ్లీ టీ ఒలికింది. కఫీల్‌కు చెప్పడం అయింది గానీ లింబాద్రికి చెప్పడం మిగిలే ఉంది. వీసా వస్తోందని రాయించాడు, అంతకుమించి నాచేత ఒక్క అక్షరం రాయించలేదు. "మొకం జూసి జెప్తా" అన్నాడు. కాగితాలకు మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలలూ క్యాంపులో అతను నడవని జాగా లేదు.

మళ్లీ జనవరి వచ్చింది. దస్తగిరి లింబాద్రిని ఎయిర్‌పోర్టు నుంచి నేరుగా ఆ ఇంటికే తీసుకొచ్చాడు. పీరయ్యా నేనూ షెడ్డులో ఎదురుచూస్తున్నాం. లింబాద్రి చిక్కిపోయాడు. బ్యాగు గోడకు ఆనించి, బావను పలకరించకుండా ముందు గచ్చు చూశాడు. మూలనున్న బకెట్టు తీసుకుని వెనక గోడ దగ్గర నీళ్లు పోసి, పక్కనే గొంతుక్కూర్చున్నాడు. నీళ్లు గేటు దారి పట్టాయి.

"ఈసారి దారం ఎవలు కట్టిండ్రు బావా?"

"నేనే."

"గప్పుడు?"

"గప్పుడు నువ్వే కట్టినవ్. నువ్వు రొట్టెలకు వోయినప్పుడు నేను మార్చిన. కఫీల్ అడిగితే నీ పేరు జెప్పిన."

"ఎర్కే" అన్నాడు లింబాద్రి. "దారం మారింది రొట్టెలు దెచ్చినప్పుడే జూసిన, నీ భయం జూసి అడుగలె. నా పేరు జెప్పినవని వీసా రానప్పుడు ఎర్కైంది. నువ్వే రాస్తవని ప్రతి ఉత్తరంల జూసిన బావా."

అతని గొంతులో కోపం లేదు, అదే నేను వినలేకపోయాను. పీరయ్య ఆ తడి గచ్చు మీదే కూలబడ్డాడు. మిగిలిన నీళ్లు అతని పంచె తడిపి, పక్కనుంచి తప్పుకుని గేటు వైపు పోయాయి. చాలాసేపటి దాకా అతను అక్కణ్ణుంచి లేవలేదు.